హెడ్ దించే ముందు: మత్స్యశాఖ డైరెక్టర్ గారికి మాయాబందర్ నుంచి బహిరంగ లేఖ

అండమాన్ నికోబార్ దీవుల మత్స్యశాఖ డైరెక్టర్ గారికి,



వేట పడవ ఇంజిన్‌లో నీళ్లు ఆయిల్‌తో కలిస్తే ఆ సంగతి ముందు తెలిసేది డిప్‌స్టిక్ మీద. పొద్దున్నే ఇంజిన్ తిప్పబోయే ముందు పడవ మనిషి స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీస్తాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాల టీ రంగులోకి తిరిగి ఉంటుంది. మట్టం పైగీత దాటి ఉంటుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు ఉండదు, నురగ నురగగా జారిపోతుంది. ఇక ఆ రోజుకి వేట లేదు. పక్క పడవలవాళ్లు వచ్చి తొంగిచూస్తారు. “గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాల్సిందే” అని ఎవరో ఒకరంటారు. మిగతావాళ్లు అవునంటారు.

ఈ లేఖ ఆ ఒక్క మాట గురించే. ఆయిల్‌లో నీళ్లు కలిశాయంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, పోకుండానూ ఉండవచ్చు. పడవ ఇంజిన్‌లో నీళ్లు ఆయిల్‌లోకి రావడానికి దారులు చాలా ఉన్నాయి. వాటిలో గ్యాస్కెట్ ఒకటి. ఏ దారిన వచ్చాయో తేల్చుకోకుండా హెడ్ దించితే కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లు బిగించి, కొత్త ఆయిల్ పోసి సముద్రం మీదికి వెళ్లిన పడవ మూడోనాడు మళ్లీ తెల్లటి ఆయిల్‌తో తిరిగొస్తుంది. రెండుసార్లు ఖర్చు, రెండుసార్లు వేట నష్టం. విప్పకముందే పరీక్షించే సామాను ఒక పెట్టెడు మాయాబందర్‌లో ఉంచమనీ, దాన్ని వాడటం ఇక్కడి మెకానిక్కులకు వాళ్ల భాషలో నేర్పించమనీ అడగడానికే ఈ ఉత్తరం.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇదే జబ్బు వస్తే దెబ్బ ఇంత గట్టిగా తగలదు. లేత్ షాపులు, స్పేర్ పార్టుల కొట్లు ఊళ్లోనే ఉన్నాయి. ఒకసారి పొరపాటున హెడ్ దించినా పోయేది రెండు మూడు రోజులు. మాయాబందర్ సంగతి అది కాదు. శ్రీ విజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా అందరూ పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. మధ్యలో జారవా ఆదివాసుల రిజర్వు. అందులోంచి బండ్లన్నీ చెప్పిన వేళకు కాన్వాయ్‌గానే కదలాలి. అక్కడా దొరకని సామాను చెన్నై నుంచో విశాఖ నుంచో రావాలి. ఓడ దొరికితే నీళ్ల మీద ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. ఇంత దూరం నుంచి తెప్పించిన గ్యాస్కెట్ అసలు అక్కరలేనిదని తర్వాత తేలితే ఆ కుటుంబం ఎవరికి చెప్పుకోవాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. వారిలో నూటికి పదముగ్గురు దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వేటకుటుంబాలు ఎన్నో. మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఇ.ఇ.జెడ్.) ఈ దీవుల చుట్టూ ఉన్న సముద్రమే దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. లోతు సముద్రపు వేట పెరగాలనీ, ట్యూనా ఎగుమతి కావాలనీ ప్రణాళికల్లో రాస్తున్నారు, మంచిదే. ఆ ప్రణాళికలన్నీ చివరికి ఒక ఇంజిన్ మీదే నడవాలి. ఆ ఇంజిన్‌లో నీళ్లు, నూనె, నిప్పు మూడింటినీ విడదీసి ఉంచేది ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం గ్యాస్కెట్.

అది చేసే పని చిన్నది కాదు. బ్లాకు కింద, హెడ్ పైన, మధ్యలో చిల్లుల రేకులాంటి ఈ గ్యాస్కెట్. పెద్ద చిల్లుల్లో మంట పుడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఆ క్షణపు ఒత్తిడి వంద బార్‌కు అటూ ఇటూ వెళ్తుంది. పక్కనే చిన్న చిల్లుల్లోంచి చల్లబరిచే నీళ్లు పోతుంటాయి, వాటి ఒత్తిడి ఒక బార్ చుట్టూ. మరికొన్ని చిల్లులు ఆయిల్‌వి. హెడ్‌కు వెళ్లే ఆయిల్ ఒత్తిడితో వెళ్తుంది, పనిచేసి తిరిగి అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి జారే ఆయిల్‌కు ఒత్తిడే ఉండదు. గ్యాస్కెట్ ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి లక్షణం మారుతుంది. ఈ సంగతి పట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే.

నీళ్ల చిల్లుకూ ఆయిల్ దిగే చిల్లుకూ మధ్య తెగితే నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి, ఆయిల్ తెల్లబడుతుంది. మంటకూ నీళ్లకూ మధ్య తెగితే ఆయిల్ చాలాకాలం నల్లగానే ఉండవచ్చు. పొగ గ్యాసు నీళ్లలోకి దూరి ఆ నీళ్ల ట్యాంకులో బుడగలు వస్తాయి, ఇంజిన్ వేడెక్కుతుంది, హోసులు రాయిలా బిగుసుకుంటాయి. రెండు సిలిండర్ల మధ్య తెగితే పక్కపక్క సిలిండర్లు రెండింట్లోనూ కంప్రెషన్ పడిపోతుంది, నీళ్లూ ఆయిలూ మాత్రం శుభ్రంగా ఉంటాయి. బయటివైపు తెగితే బ్లాకు మీద చార కనబడుతుంది. కనుక “ఆయిల్ తెల్లబడలేదు, గ్యాస్కెట్ బాగానే ఉంది” అనడం ఎంత తప్పో, “ఆయిల్ తెల్లబడింది, గ్యాస్కెట్ పోయింది” అనడమూ అంతే తప్పు.

మరి మిగతా దారులేవి?

మొదట అనుమానించాల్సింది ఆయిల్ కూలర్‌ని. కాస్త పెద్ద పడవల ఇంజిన్లలో ఆయిల్‌ను చల్లబరచడానికి గొట్టాల గుత్తి ఒకటి ఉంటుంది. గొట్టాల ఒకవైపు ఆయిల్, మరోవైపు నీళ్లు. గొట్టం తినేసి చిల్లు పడితే రెండూ కలుస్తాయి. ఇక్కడ ఒక ఆనవాలు ఉంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆయిల్ ఒత్తిడి నీళ్ల ఒత్తిడి కంటే ఎక్కువ, కాబట్టి ముందు ఆయిలే నీళ్లలోకి వెళ్తుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం కొంతసేపు నిలుస్తుంది, అప్పుడు నీళ్లు ఇటు వస్తాయి. అందుకే ట్యాంకు మూత తీయగానే జిడ్డు తెట్టు కనబడి, ఛాంబర్‌లో ఆయిల్ ఇంకా నల్లగానే ఉంటే హెడ్ జోలికి పోకముందు కూలర్ ఊడదీసి చూడాలి. ఒక చివర మూసి, రెండో చివర నుంచి కొద్దిపాటి గాలి ఎక్కించి నీళ్ల బకెట్‌లో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కంటికే తెలుస్తుంది. సైకిల్ పంపు చాలు.

తర్వాత స్లీవ్, అంటే పిస్టన్ కదిలే గొట్టం. చాలా డీజిల్ ఇంజిన్లలో స్లీవ్ వెలుపలి గోడ నేరుగా నీళ్లలోనే ఉంటుంది. కింద రబ్బరు రింగులు నీళ్లను ఆపుతాయి. ఆ రింగులు ఎండి గట్టిపడ్డా, చిట్లినా నీళ్లు నేరుగా ఛాంబర్‌లో పడతాయి. స్లీవ్‌కే చిల్లు పడటమూ ఉంది. పిస్టన్ తట్టిన ప్రతిసారీ స్లీవ్ సన్నగా అదురుతుంది, వెనక నీళ్లలో బుడగలు పుట్టి పగులుతాయి, పగిలిన చోట లోహాన్ని రవ్వంత లేపుతాయి. కూలెంట్ మందు కలపకుండా ఉత్త నీళ్లే పోస్తూపోతే కొన్నేళ్లకు సూది మొన పట్టేంత రంధ్రం పడుతుంది. అలాంటి ఇంజిన్‌కు ఎన్ని హెడ్ గ్యాస్కెట్లు మార్చినా ఉపయోగం లేదు.

హెడ్ పగులు మరొకటి. ఎక్కువగా వాల్వులకూ ఇంజెక్టర్‌కూ మధ్యనున్న సన్నని చోట చిట్లుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకోవచ్చు. గేరు మీద నడిచే వాటర్ పంపు ఉన్న ఇంజిన్లలో పంపు సీలు పోయినా నీళ్లు లోపలికి వస్తాయి. రెండు సీళ్ల మధ్య వదిలిన చిన్న రంధ్రం మట్టితోనో గ్రీజుతోనో మూసుకుపోయి ఉంటే కారడం బయటికి కనబడదు.

రోడ్డు మీది బండ్లకు లేని దారి ఒకటి పడవలకు ఉంది. పొగగొట్టంలోకి సముద్రపు నీళ్లు వదిలి చల్లబరిచే ఏర్పాటున్న చోట, గొట్టం వంపు నీటి మట్టానికి తగినంత ఎత్తులో లేకపోతే, లంగరేసి ఉన్న పడవలో నీళ్లు మెల్లగా వెనక్కి పాకి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్లోకి, అక్కడినుంచి పిస్టన్ రింగుల పక్కగా ఛాంబర్‌లోకి దిగుతాయి. రాత్రి బాగున్న ఇంజిన్ తెల్లారేసరికి తెల్లని ఆయిల్‌తో ఉంటే దీన్ని అనుమానించాలి. ఇది గొట్టం అమరికలో తప్పు, ఇంజిన్‌లో ఏ భాగమూ చెడి ఉండకపోవచ్చు.

అసలు జబ్బే కాని సందర్భం కూడా చెప్పాలి. అండమాన్ గాలిలో ఏడాదంతా చెమ్మే. దీవుల్లో సాలీనా 3,000 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. జెట్టీ నుంచి పక్క క్రీకు దాకా వెళ్లొచ్చే చిన్న ప్రయాణాలకు ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. లోపలి ఆవిరి చల్లటి మూత కింద పేరుకుని ఆయిల్‌తో కలిసి పసుపుపచ్చ మీగడ కడుతుంది. మూత కింద మాత్రమే ఉండి, స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, ట్యాంకులో నీళ్లు తగ్గకపోతే, ఇంజిన్‌ను ఒక గంట బరువు మీద నడిపి మళ్లీ చూడాలి. మీగడ పోతుంది. ఆ మీగడ చూసి భయపడి హెడ్ విప్పించుకున్న మనిషికి అన్యాయం జరిగినట్టే.

ఇక పరీక్షల మాట. వీటిలో కొన్నిటికి డబ్బే అక్కరలేదు.

ఇంజిన్‌ను రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టును కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరతాయి. బోల్టు సందులోంచి ముందు నీటి ధార వచ్చి తర్వాత ఆయిల్ వస్తే లెక్క తేలిపోయినట్టే. అంత నీరు లేక అనుమానంగా ఉంటే పెనం పరీక్ష ఉంది. ఇనప పెనాన్ని నీళ్లు మరిగే వేడి దాటేదాకా కాచి, మంట పక్కకు తీసి, స్టిక్ కొస నుంచి ఒక్క చుక్క ఆయిల్ వదలాలి. శుభ్రమైన ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుని పొగ తీస్తుంది. వెయ్యింట ఒక వంతు నీరున్నా చిటపటమని బుడగలు లేస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క చుక్కతోనే చెయ్యాలి. రెండు చుక్కలతో ముఖం మీదికి ఎగిరే ప్రమాదం ఉంది.

మట్టం పెరిగింది కానీ ఆయిల్ తెల్లబడలేదు, పైగా పల్చబడి డీజిల్ వాసనేస్తోంది అంటే కలిసింది నీళ్లు కాదు, డీజిల్. అప్పుడు చూడాల్సింది ఫీడ్ పంపునీ, ఇంజెక్టర్ కనెక్షన్లనీ.

నీళ్లని తేలాక అడగాల్సిన ప్రశ్న: ఏ నీళ్లు? పడవ మీద దీనికి విలువ చాలా ఉంది. హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న ఇంజిన్‌లో లోపల తిరిగేది మంచినీళ్ల కూలెంట్, దాన్ని చల్లబరిచేది సముద్రపు నీరు. ఛాంబర్‌లోంచి దిగిన నీరు ఉప్పుదైతే అది హెడ్ గ్యాస్కెట్ గుండా వచ్చే అవకాశం తక్కువ. సముద్రపు నీటితో చల్లబడే ఆయిల్ కూలర్‌నో, పొగగొట్టాన్నో, సముద్రపు నీటి పంపునో పట్టుకోవాలి. మంచినీటి ట్యాంకులోనే ఉప్పు కనబడితే ఎక్స్ఛేంజర్ చిల్లు పడినట్టు. ఉప్పు తెలుసుకోవడానికి నాలుక మీద వేసుకోకూడదు. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. బడిలో కెమిస్ట్రీ ల్యాబులో ఉండే సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు చాలు. ఉప్పునీటిలో పాలు విరిగినంత చిక్కగా తెల్లని మడ్డి పడుతుంది. పక్కనే ట్యాంకులో పోసే మామూలు నీళ్లకు కూడా అదే పరీక్ష చేసి పోల్చాలి, ఎందుకంటే బావినీళ్లకూ కొంత తెలుపు వస్తుంది.

చిన్న డోంగీలలో కొన్ని ఇంజిన్లు నేరుగా సముద్రపు నీటితోనే చల్లబడతాయి, వాటికి ఈ తేడా పట్టదు. వాటికి ఎక్కడ కారినా ఉప్పునీరే. గాలితో చల్లబడే ఇంజిన్లకు గ్యాస్కెట్ గుండా నీళ్లు రావడమే ఉండదు.

డైరెక్టర్ గారూ, డబ్బు పెట్టాల్సిన పరీక్షలు ఇక్కడినుంచి మొదలవుతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది కూలింగ్ ప్రెషర్ టెస్టర్. చేత్తో కొట్టే పంపు, దానికో గేజు, ట్యాంకు మూత చోట బిగించే అడాప్టర్లు. ఇంజిన్ ఆపి, చల్లారాక, మూత మీద రాసిన ఒత్తిడి దాకా పంపు కొట్టి వదిలేసి, అరగంట గేజు చూస్తూ ఉండాలి. ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే లోపల కారుతోంది. వీలున్న ఇంజిన్‌కు కింద ఛాంబర్ విప్పి, అదే ఒత్తిడి పెట్టి, టార్చిలైటుతో పైకి చూస్తే స్లీవ్ అడుగు నుంచి చుక్క పడుతోందా, ఆయిల్ దిగే దారి వెంట వస్తోందా అన్నది కళ్లారా కనబడుతుంది. ఆ ఒక్క చూపుతో అక్కరలేని హెడ్ పని తప్పిపోవచ్చు. ఆ చుక్క ఎక్కడ పడుతోందో చూపించే సామాను దగ్గర లేక, సంపాదనంతా ఊహ మీద ఖర్చుపెట్టాల్సి రావడం బాధాకరం.

ట్యాంకు నీళ్లలో పొగ గ్యాసు ఉందా అని చూసే నీలిరంగు ద్రవం కూడా పెట్టెలో ఉండాలి. ట్యాంకు మూతి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు నీలం పచ్చగానో పసుపుగానో మారుతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. డీజిల్ ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు ఎక్కువ గాలితో మండుతుంది, పొగలో ఆ వాయువు పెట్రోలు ఇంజిన్లో ఉన్నంత ఉండదు. రంగు మారితే నమ్మవచ్చు. మారకపోతే గ్యాస్కెట్ బాగుందని నమ్మకూడదు, ఇంజిన్‌ను బరువు మీద నడిపి మళ్లీ చూడాలి. తెల్లపొగ విషయమూ ఇలాంటిదే. సిలిండర్‌లోకి నీళ్లు దిగినా తెల్లపొగే, ఇంజెక్టర్ సరిగా చల్లక డీజిల్ మండకపోయినా తెల్లపొగే. మొదటిదానిలో ఆవిరి గాలిలో తొందరగా కలిసిపోతుంది. రెండోదానిలో కళ్లు మండుతాయి.

డీజిల్‌కు సరిపోయే కంప్రెషన్ గేజు, టార్క్ రెంచ్, ఫీలర్ గేజు, ఒక మంచి ఉక్కు బద్ద. ఇవి ఉంటే పెట్టె నిండినట్టే. హెడ్ దించక తప్పని రోజున ఆ బద్దను హెడ్ ముఖం మీద పొడుగునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి ఫీలర్ ఆకు దూర్చి చూడాలి. తయారీదారు చెప్పిన హద్దు చాలా ఇంజిన్లకు 0.1 మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అంతకు మించి వంగి ఉంటే ఫేసింగ్ చేయించకుండా ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా పట్టదు. నట్లు బిగించడమూ మోచేతి బలంతో కాదు, పుస్తకంలో చెప్పిన వరుసలో, చెప్పిన టార్కుకు, రెండు మూడు విడతల్లో. కొన్ని ఇంజిన్ల బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ పనికిరావు.

గ్యాస్కెట్టే పోయిందని తేలినా పని అయిపోలేదు. ఎందుకు పోయిందన్నది మిగిలే ఉంది. గ్యాస్కెట్ తనంత తాను పోవడం అరుదు. ముందు ఇంజిన్ వేడెక్కుతుంది, హెడ్ వంగుతుంది, ఆ తర్వాత గ్యాస్కెట్ తెగుతుంది. ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇనప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజిన్ ఒక్కసారి అతిగా కాగినా ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ నలిగిపోతుంది. మరి ఎందుకు కాగింది? పడవ అడుగున నీళ్లు లాగే మూతికి ప్లాస్టిక్ సంచి అడ్డుపడి ఉండవచ్చు. ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో పాచి, పొలుసు పేరుకుని ఉండవచ్చు. సముద్రపు నీటి పంపులో తిరిగే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగి ఉండవచ్చు. ఇంపెల్లర్ విప్పినప్పుడు రెక్కలు లెక్కపెట్టాలి. ఎన్ని లేవో అన్ని ముక్కలూ దొరికేదాకా గొట్టం వెంట వెతకాలి. అవి పోయి ఎక్స్ఛేంజర్ మూతి దగ్గరే ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసి ఆ ముక్కల్ని లోపలే వదిలేస్తే కొత్త గ్యాస్కెట్‌కూ పాతదాని గతే.

చేతిలో అన్నీ ఉన్న దేశాలు కూడా ఈ జబ్బుతో తిప్పలు పడ్డాయి. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ 1980ల చివర తెచ్చిన కె-సిరీస్ ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్లకు చెడ్డపేరు తెచ్చుకుంది, ముఖ్యంగా 1.8 లీటర్లది. దానిలో పట్టే నీళ్లే తక్కువ. ఎక్కడో చిన్న హోసు కారి కొద్ది నీళ్లు పోయినా హెడ్ కాగిపోయేది. హెడ్‌నూ బ్లాకునూ కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు ప్లాస్టిక్‌వి కావడాన్నీ నిపుణులు తప్పుపట్టారు. తర్వాత ఉక్కు పిన్నులు, పొరలు పొరలుగా ఉన్న ఉక్కు గ్యాస్కెట్ వచ్చాయి. అమెరికాలో 2003 నుంచి ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 6.0 లీటర్ డీజిల్ కథ మాయాబందర్‌కు ఇంకా దగ్గర. దానిలో ఆయిల్ కూలర్ నీటి దారులు మడ్డితో పూడుకుపోయేవి. దాని వెనక నీరు అందాల్సిన పొగ కూలర్ ఎండి పగిలేది. ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్లు ఎగిరేవి. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి పంపితే బండి మళ్లీ షెడ్డుకే వచ్చేది, అసలు తప్పు కూలర్‌లో ఉంది గనక.

ఆయిల్ తెల్లబడిందని చూశాక “ఎలాగో జెట్టీ దాకా నడిపించేద్దాం” అనుకోవడం గురించి కూడా శిక్షణలో గట్టిగా చెప్పాలి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగు మీద పొరగా నిలవదు. కూలెంట్‌లోని గ్లైకాల్ వేడికి ఆమ్లాలుగా మారి బేరింగు లోహాన్ని తింటుంది, ఆయిల్‌ను బంకగా చేసి ఫిల్టరును మూసేస్తుంది. హెడ్ పనితో పోయేది క్రాంక్ పని దాకా వస్తుంది. తీరానికి దూరంగా, వాతావరణం బాగోలేనప్పుడు ప్రాణం కోసం నడపక తప్పకపోతే అది వేరు. సిలిండర్‌లో నీళ్లు నిండి ఉన్నాయన్న అనుమానముంటే సెల్ఫ్ కొట్టనే కూడదు. నీళ్లు నలగవు, పిస్టన్ వాటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్ ఊడదీసి, చిన్న ఇంజిన్ అయితే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, ముందు చేత్తో తిప్పి చూడాలి. ఉప్పునీరు చేరిన ఇంజిన్‌ను మాత్రం మెకానిక్ వచ్చేదాకా అని రోజుల తరబడి వదలకూడదు. ఆయిల్ వెంటనే దించేసి, చౌక ఆయిల్ పోసి చేత్తో తిప్పి కడిగి దించడం రెండు మూడుసార్లు చేస్తే క్రాంక్ తుప్పు పట్టకుండా నిలుస్తుంది.

ఇవన్నీ మాయాబందర్ మెకానిక్కులకు చేతకానివి కావు. పగిలిన హోసుకు టైరు ట్యూబు చుట్టి పడవను ఒడ్డుకు చేర్చగల నేర్పు వాళ్లది. లేనిది సామాను, పుస్తకం. ఇంజిన్‌తో వచ్చే మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగో బెంగాలీయో కరెన్ భాషో ఇంట్లో మాట్లాడుతూ హిందీతో బజారు నడుపుకునే మనిషికి అందులోని టార్కు పట్టిక దొరకదు. ప్రభుత్వ సబ్సిడీతో ఇచ్చే ప్రతి ఇంజిన్‌తో పాటు ఒక అట్ట ఇవ్వాలని ఈ లేఖ కోరుతోంది. దాని మీద హెడ్ నట్ల వరుస, టార్కు, ఆయిల్ ఎంత, కూలెంట్ ఎంత, హెడ్ వంపు హద్దు ఎంత. ఇవి హిందీలో, తెలుగులో, బెంగాలీలో, తడిసినా చెడని అట్ట మీద అచ్చువేస్తే చాలు, పడవలోనే వేలాడుతుంది.

పరీక్షల పెట్టె మాయాబందర్‌లో మీ శాఖ కార్యాలయంలో ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. పేరు రాసి, సంతకం పెట్టి, మెకానిక్ ఒకటి రెండు రోజులకు తీసుకెళ్లి తిరిగిచ్చే పద్ధతిలో. ఏ పడవకు ఏ పరీక్షలో ఏం తేలిందో అదే రిజిస్టరులో ఒక వాక్యం రాస్తే, రెండేళ్లు తిరిగేసరికి ఇక్కడి ఇంజిన్లు నిజంగా దేనివల్ల చెడుతున్నాయో మీ దగ్గరే లెక్క ఉంటుంది. గ్యాస్కెట్ల వల్లా, కూలర్ల వల్లా, పొగగొట్టాల అమరిక వల్లా అన్నది అప్పుడు ఎవరూ ఊహించనక్కరలేదు. ఏ స్పేర్లు శ్రీ విజయపురంలో నిలవ ఉంచాలో కూడా ఆ రిజిస్టరే చెబుతుంది.

శిక్షణకు బయట వెతుక్కునే పని లేదు. కేంద్ర ప్రభుత్వపు సిఫ్నెట్ సంస్థ 1963 నుంచి కొచ్చిలో చేపల పడవల ఇంజిన్ మనుషులకు చదువు చెబుతోంది. మెరైన్ ఫిట్టర్ కోర్సు నడిపేది వాళ్లే. ఆ సంస్థకు విశాఖలోనూ శాఖ ఉంది, అక్కడ తెలుగులో చెప్పగలవాళ్లు దొరుకుతారు. ఇద్దరు శిక్షకులను వారం రోజులు మాయాబందర్‌కు రప్పించి, తరగతి గదిలో కాకుండా జెట్టీ మీద, నిజంగా చెడిన ఇంజిన్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పించమని మీరు అడిగితే కాదంటారని అనుకోలేం. తూర్పు తీరానికి వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలవుతుంది. పెద్ద పడవలు ఒడ్డునే ఉండే ఆ వారాల్లోనే ఇంజిన్ పనులు పెట్టుకుంటారు, హెడ్లు దించేదీ ఎక్కువగా అప్పుడే. వచ్చే ఏప్రిల్‌కు పెట్టె రావాలంటే సామాను ఇండెంటు ఈ వర్షాకాలంలోనే పంపాలి. టెస్టర్‌కు కావలసిన అడాప్టర్ల కొలతల కోసం ఇక్కడి పడవల్లో ఏ ఏ ఇంజిన్లున్నాయో ముందు రాసుకోవాలి. ఆ జాబితా రాయడానికి మీ శాఖ మనిషి ఒకరు జెట్టీకి వస్తే, పడవలవాళ్లు ఇంజిన్ మూతలు తెరిచి చూపిస్తారు.

ఇట్లు,
మాయాబందర్ వేట పడవల మేలు కోరే ఒక తెలుగు రచయిత